కాకిబంగారం

సైదాపురం దాటి పడమరకు తిరిగితే
రోడ్డు పక్కన ఒక దిబ్బ.
కొండ కాదు. కొండ కడుపులోంచి
మావాళ్ళు గంపలతో మోసి పోసింది.

మా పెద్దమ్మ పెంచలమ్మ అభ్రకం చీల్చేది,
తడిసి అంటుకున్న పుస్తకంలో కాగితాలు విడదీసినట్టు
కత్తి మొనతో, ఊపిరి బిగబట్టి.
మంచి రేకు పెట్టెలోకి, తక్కింది దిబ్బ మీదికి.
రాత్రి అన్నం కలిపితే వేళ్ళ సందుల్లో మెరుపు.
"కాకిబంగారం తింటా ఉండాం రా" అని నవ్వేది,
నవ్వు దగ్గులోకి జారేది.

గని మూసిన రోజు ఎవరూ ఏడవలేదు.
పంపు ఆగింది. గుంతలో నీళ్ళు
అడిగేవాళ్ళు లేక నిదానంగా లేచాయి.

ఆ తర్వాత చాన్నాళ్ళు ఏమీ జరగలేదు.
ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే
అడవి కథ చెప్పేవాళ్ళంతా ఈ భాగం దాటేస్తారు.
ఏమీ జరగలేదు.
ఎండకు దిబ్బ మండింది, వానకు జారింది.
మొలిచిందల్లా మాడింది.
మేకలు కూడా చుట్టు తిరిగి పొయ్యేవి.

మొదట వచ్చింది రాతిపువ్వు. బూడిదరంగు మరక.
"రాయికి తామర పట్టింది" అంది పెద్దమ్మ.
తర్వాత యాడనుంచో జిల్లేడు, తన దూది మీద తానే ఎక్కి.
ఆ వెనకాల వెంపలి, ఎవురికీ పనికిరాని వెంపలి,
పీకి చూస్తే వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు.
అవి గాలిని మట్టికి అప్పిస్తాయని
ఆమెకు తెలీదు, నాకూ అప్పటికి తెలీదు.
చచ్చి ఎండిన వెంపలి కింద
రేకు మందాన నల్లమట్టి.
మరుసటేడు దాని మీద ఇంకో రేకు.
పెద్దమ్మ జీవితమంతా చీల్చినదాన్ని
ఎవరో వెనక్కి పేరుస్తున్నట్టు.

మస్తానయ్య మేకలు ఒక ఏడు దిబ్బ ఎక్కాయి.
ఎరువు వేశాయి, సగం మొలకలు మేశాయి,
లెక్క ఎటు తేలిందో చెప్పలేను.
పికిలిపిట్ట బలుసుపండు మింగొచ్చి
తంగేడు కొమ్మ మీద కూర్చుంది,
ఆ కొమ్మ కిందే బలుసు మొలిచింది.
నక్క రేగుపండ్లు తిన్నది. మిగతాది మీకు తెలుసు.
గుంత గోడ బొరియలో లకుముకి కాపురం పెట్టింది.

ముప్పయ్యేళ్ళు.
పెద్దమ్మ పొయ్యే ముందటేడు
ఆ దిబ్బ మీద పుల్లలేరి పొయ్యి వెలిగించింది.
"ఎగ్గొట్టిన కూలి ఇప్పుడిస్తా ఉండాది" అంది.

ఇంగ నా సంగతి.
తెల్లరాయికి ధర వచ్చింది.
నేను వేబ్రిడ్జి గుమస్తాను.
లారీ ఎక్కుతుంది, అంకె వణికి నిలుస్తుంది, రాస్తాను.
ముప్పయ్యేళ్ళ దిబ్బకు పదకొండు రోజులు పట్టింది.
బిల్లులో సరుకుకు ఒక గడి, టన్నులకు ఒక గడి.
టైరు సందున ఇరుక్కున్న తంగేడు వేరుకు
గడి లేదు.
రాసే చెయ్యి నాదే. జీతం పిల్ల ఫీజుకు సరిపోతోంది.
ఇది కూడా గట్టిగానే చెప్పాలి.

నిన్న సాయంత్రం లారీలు లేనప్పుడు పొయ్యాను.
నేల మళ్ళీ మెరుస్తోంది, నా చిన్నప్పటిలాగా,
సిగ్గు లేకుండా.
మళ్ళీ ఆ భాగంలోకే వచ్చాం,
ఎవరూ చెప్పకుండా దాటేసే భాగంలోకి.
కాకపోతే ఈసారి అంచున,
యంత్రం పండ్లకు అందని మూరెడు జాగాలో
ఒక బలుసు పొద మిగిలింది.
దాని మీద పికిలిపిట్ట, తోక కింద ఎర్రమచ్చ,
నన్ను చూసి గట్టిగా తిట్టింది.
తిట్టేవాళ్ళుంటే అది సున్నా కాదు.

ఇంటికొచ్చి చూసుకుంటే
ప్యాంటు అంచు నిండా ఉత్తరేణి గింజలు.
ఒక్కొక్కటే పీకాను.
చెత్తబుట్ట దాకా పొయ్యి ఆగాను.

పొద్దున డ్యూటీకి వెళ్తూ
జేబులో వేసుకున్నాను.